రాళ్ల తావు, ఎనిమిది కిలోమీటర్ల గీత: పూసపాటిరేగ తీరంలో సముద్రపు అడుగును కాపాడే ప్రయత్నం

విజయనగరం జిల్లాకు ఉన్న సముద్రతీరం ముప్పై కిలోమీటర్లకు లోపే. పక్కనున్న శ్రీకాకుళానికి 193 కిలోమీటర్ల తీరం ఉంది కాబట్టి, ఉత్తరాంధ్ర మత్స్యకారుల మాట వచ్చినప్పుడల్లా భావనపాడు, బారువ, కళింగపట్నం పేర్లు వినిపిస్తాయి తప్ప భోగాపురం, పూసపాటిరేగ మండలాల్లోని ఈ చిన్న తీరం ఎవరి లెక్కలోకీ రాదు. ఈ కథనం ఆ చిన్న తీరానిది. పూసపాటిరేగ మండలంలోని ఒక మత్స్యకార గ్రామం, ఆ ఊరివాళ్లు తరతరాలుగా గేలం వేట చేస్తున్న ఒక రాళ్ల తావు, దాని చుట్టూ 2019 నుంచి మేం చేసిన పని, అందులో కుదిరినవీ కుదరనివీ ఇక్కడ రాస్తున్నాను. ఊరి పేరు గానీ రాళ్ల పేరు గానీ ఇందులో కనిపించవు. ఊరిపెద్దలు మాకు పెట్టిన మొదటి షరతు అదే. ఎందుకు పెట్టారో చదువుతూ పోతే తెలుస్తుంది.

ఈ తీరంలో నీటి కింద రాళ్లున్నాయన్న సంగతి కొత్తది కాదు. చింతపల్లి దగ్గరి గుట్ట మీదున్న దీపస్తంభాన్ని 1847లో నిలబెట్టింది భీమునిపట్నం వైపు వెళ్లే ఓడలు శాంతపల్లి రాళ్లకు తగలకుండా హెచ్చరించడానికే. ఆ దీపస్తంభం పెట్టినవాళ్లకు ఆ రాళ్లు ప్రమాదం. గేలం వేసేవాడికి అవే జీవనాధారం. మేం పనిచేసిన తావు శాంతపల్లి రాళ్లు కాదు, అంతకంటే చిన్నది. పది, పన్నెండు బారల (బార అంటే దాదాపు ఆరడుగులు) నీటిలో మొదలై, తూర్పువైపు ఇంకా లోతుకు దిగే రాతి గుట్టల వరుస అది. చుట్టూ ఇసుక, ఇసుక దాటాక మట్టి. కోనాడ దగ్గర చంపావతి నది సముద్రంలో కలుస్తుంది కాబట్టి వానాకాలంలో ఆ నీళ్లు మోసుకొచ్చే ఒండ్రు కొంత ఇటు కూడా పరుచుకుంటుంది. ఈ తీరం వెంట ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే దాకా ఈశాన్యం వైపు సాగి, అక్టోబరు తర్వాత నైరుతి వైపు తిరుగుతుంది. ఒండ్రు ఎటు చేరుతుందో, నీళ్లు ఎప్పుడు తేటగా ఉంటాయో, మేం కెమెరా ఎప్పుడు దించగలమో అన్నీ దాని మీదే ఆధారపడి ఉండేవి.

మన్నార్ సింధుశాఖలోనో లక్షదీవుల్లోనో ఉన్నటువంటి పగడపు దిబ్బలు ఇక్కడ లేవు. నదుల మంచినీరు, ఒండ్రు, కలక నీరు వాటిని ఇక్కడ పెరగనివ్వవు. అయినా రాతికి స్పాంజిలు, నాచుపోగుల్లా కనిపించే హైడ్రాయిడ్లు, మెత్తని పగడపు జాతులు, విసనకర్రలా పరుచుకునే గోర్గోనియన్లు, ఆలుచిప్పలు అంటుకుని ఉంటాయి; వాటి సందుల్లో లాబ్‌స్టర్లు, పీతలు, గ్రూపర్ జాతి చేపల పిల్లలు దాక్కుంటాయి. రాళ్ల పక్కనున్న ఇసుక చూడటానికి బోసిగా ఉంటుంది గానీ అసలు సంత అక్కడే ఉంది. వానపాముకు దూరపు చుట్టాలైన పాలికీటు పురుగులు, వడ్లగింజంత గవ్వలు, ఇసుక రేణువుల మధ్య ఈదే క్రిమిజాతులు ఆ ఇసుకలోనే బతుకుతాయి. గులివింద చేప గడ్డం కింది మీసాలతో ఆ ఇసుకను తడుముకుంటూ ఈ పురుగులనే వెతుక్కుంటుంది. టేకు చేప ఇసుకలో గుంట తవ్వేదీ వీటి కోసమే. గంపలో కనిపించే గులివిందకు విలువ కట్టే మనం, దాని కడుపులోని పురుగుకు ఏ జాబితాలోనూ చోటివ్వలేదు.

మన తీరాన సముద్ర సంరక్షణ అంటే జనానికి గుర్తొచ్చేది తాబేలే. సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం ఇసుక తిన్నెల మీద వాటి గుడ్లకు కంచెలు కట్టడం, పిల్లలను సముద్రంలోకి వదలడం మంచి పనులే, నేనూ కొన్నేళ్లు చేశాను. కానీ ఒడ్డున చచ్చిపడ్డ తాబేలు కనిపిస్తుంది, ఫొటో తీయవచ్చు. పన్నెండు బారల కింద వల ఈడ్చుకుపోయిన చోట ఏం చచ్చిందో ఒడ్డుకు రాదు. మా పని ఆ కనిపించనిదాన్ని లెక్కపెట్టాలనే ఉద్దేశంతో మొదలైంది, మొదటి ఏడాది చాలావరకు తప్పుగానే లెక్కపెట్టాం కూడా.

రాళ్లకు సహజంగా ఉన్న కాపలా ఎలా పోయింది

ట్రాలింగ్ చేసే బోటు ఒక పెద్ద సంచివల లాగుతుంది. వల నోరు మూసుకుపోకుండా రెండు వైపులా రెండు బరువైన బోర్డులుంటాయి. అవి అడుగున గాట్లు పెడుతూ, బురద లేపుతూ పోతాయి. వల కింది అంచుకు సీసం గుండ్లు గానీ గొలుసు గానీ ఉంటాయి. అడుగున ఉన్న చేప, రొయ్య పైకి లేచి వలలో పడాలంటే ఆ అంచు నేలను రాసుకుంటూ వెళ్లాల్సిందే. ఇసుక నేల మీద ఒకసారి అలా జరిగితే అక్కడి చిన్న పురుగులు కొన్ని నెలల్లో మళ్లీ పెరుగుతాయి. పదేపదే జరిగితే నెమ్మదిగా పెరిగే పెద్ద గవ్వలు, గుంటలు తవ్వుకుని బతికే జీవాలు పోయి, త్వరగా పుట్టి త్వరగా చచ్చే చిన్న పురుగులే మిగులుతాయి. అప్పుడు మొత్తం సంఖ్య తగ్గకపోవచ్చు, ఒక్కోసారి పెరగవచ్చు కూడా. కాబట్టి ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఏవి ఉన్నాయన్నది చూడాలి. రాతి మీది గోర్గోనియన్ ఒకసారి విరిగితే తిరిగి ఆ పరిమాణానికి రావడానికి ఏళ్లు పడుతుంది.

ఒకప్పుడు ట్రాలర్లు ఈ రాళ్ల జోలికి వచ్చేవి కావు. వల చిరిగితే ఆ ట్రిప్పు మొత్తం నష్టం. రాయి ఎక్కడుందో బయటి బోటువాళ్లకు కచ్చితంగా తెలియకపోవడమే ఆ రాయికి రక్ష. ఆ రక్షను తీసేసింది జీపీఎస్, శబ్దంతో అడుగు లోతు చూపే ఎకో సౌండర్. ఒక్కసారి వల చిక్కుకున్న చోటును మిషన్‌లో గుర్తుపెట్టుకున్న బోటు, మర్నాడు ఆ రాయికి పది బారల దూరంలో, చేప ఎక్కువగా ఉండే అంచు వెంటే, రాయిని తాకకుండా వల లాగగలదు. ఊళ్లోని ఒక ముసలాయన దీన్ని నాకు ఒక్క మాటలో చెప్పాడు: "మునుపు ఆళ్లకి రాయంటే బయం బాబూ, ఇప్పుడు రాయే గురుతైపోనాది."

ఇక్కడ చట్టం ఒక విచిత్రమైన చోట నిలబడింది. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్యవేట నియంత్రణ చట్టం కింద తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు సంప్రదాయ పడవలవాళ్లది. మెకనైజ్డ్ బోట్లు ఆ గీత దాటాకే వేట చేయాలి. 20 మీటర్లు, అంతకు మించిన పొడవున్న పెద్ద బోట్లు 23 కిలోమీటర్లు దాటాలి. ఈ గీత చేపలెవరు పట్టాలన్న తగువు తీర్చడానికి పుట్టింది గానీ అడుగున ఏముందో చూసి గీసింది కాదు. మా రాళ్ల వరుస సరిగ్గా ఆ గీతను అడ్డంగా కోస్తుంది. పడమటి గుట్టలు లోపల, బాగా జీవం ఉన్న తూర్పు గుట్టలు బయట. అంటే చట్టం పూర్తిగా అమలైనా, కాపాడదగిన భాగం బయటే ఉండిపోతుంది.

మొదటి ఏడాది: తప్పులు

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ దెబ్బకు శ్రీకాకుళం తీరంలో పడవలు, వలలు, కొబ్బరితోటలు ఎంత పోయాయో చూసి వచ్చిన నాలుగు నెలలకు, 2019 ఫిబ్రవరిలో, మేం ఇక్కడ మొదటి నమూనాలు తీశాం. నేను, ఒక పరిశోధక విద్యార్థి, అద్దెకు తీసుకున్న ఫైబర్ బోటు, దాని యజమాని, ఆయన తమ్ముడు. మా దగ్గర ఒక వాన్ వీన్ గ్రాబ్ ఉండేది. తాడుతో దించితే అడుగు తాకగానే దాని రెండు దవడలు మూసుకుని, పదోవంతు చదరపు మీటరు నేలను పైకి తెస్తుంది. ఆ మట్టిని అర మిల్లీమీటరు కన్నాల జల్లెడలో కడిగి, మిగిలిన జీవాలను ఫార్మలిన్‌లో వేసి, రోజ్ బెంగాల్ రంగు కలిపి, ఇంటికి తెచ్చాక సూక్ష్మదర్శిని కింద ఏరాలి. ఏరడం అన్న మాట తేలికగా కనిపిస్తుంది. గులాబీ రంగెక్కిన పురుగును గులాబీ రంగెక్కిన చెత్తలోంచి వేరుచేయడానికి ఒక్కో డబ్బాకు ఒకరోజు పట్టేది.

మొదటి తప్పు గ్రాబ్‌తోనే. రాళ్లున్న చోట అది సరిగా మూసుకోదు. దవడల మధ్య ఒక గులకరాయి ఇరుక్కుంటే పైకొచ్చేసరికి మట్టి మొత్తం కారిపోతుంది. అలాంటి కొన్ని ఖాళీ గ్రాబ్‌లను విద్యార్థి నిజాయితీగా "జీవాలు లేవు" అని పట్టికలో రాశాడు. రాళ్ల పక్కన ప్రాణమే లేదని చెప్పే పట్టిక ఒకటి మా దగ్గర తయారైంది. రెండు నెలల తర్వాత బోటు యజమాని దాన్ని చూసి నవ్వి, "అక్కడ ఏటీ నేకపోతే నేను ముప్పై ఏళ్లుగా ఏటి పడతన్నాను గురువుగారూ?" అని అడిగాక గానీ మాకు బుర్ర వెలగలేదు. సున్నా అని రాయడానికీ, నమూనా విఫలమైందని రాయడానికీ వేరు గడులు పెట్టాలన్న పాఠం ఏ పుస్తకంలోనైనా ఉండేదే. మేం దాన్ని ఆయన దగ్గర నేర్చుకున్నాం.

రెండో తప్పు ఇంకా పెద్దది. పోల్చి చూడటానికి ట్రాలర్లు తిరిగే ఒక చోటును ఎంచుకోవాలి కదా. మేం ఎంచుకున్న చోటు చంపావతి మొగకు బాగా దగ్గర. అక్కడ అడుగు మెత్తని మట్టి, ఇక్కడ ఇసుక. మట్టిలో బతికే పురుగుల జాతులూ, ఇసుకలో బతికేవీ ఎలాగూ వేరు. మాకు కనిపించిన తేడాలో వల వల్ల వచ్చిందెంత, నేల వల్ల వచ్చిందెంత అని విడదీయడానికి దారి లేకపోయింది. ఆ ఏడాది నమూనాలన్నీ పక్కన పెట్టి, 2020 జనవరిలో అదే లోతు, అదే రకం ఇసుక ఉన్న చోట్లను మళ్లీ ఎంచుకున్నాం. మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. సముద్రం మాత్రం ఆ వారాల్లో మేం ఎప్పుడూ చూడనంత ప్రశాంతంగా ఉందని ఊరివాళ్లు ఫోన్లో చెబుతుంటే, గ్రాబ్ విశాఖలో ఒక గదిలో తుప్పు పడుతూ ఉంది.

అంతవరకు మా లెక్కల్లో ఊరివాళ్లు బోటు నడిపేవాళ్లుగానే ఉన్నారు. రాళ్ల లోతు, హద్దులు మేం కొలిచినవి కావు, వాళ్లు చెప్పినవే. తీరాన ఉన్న ఒక కొండ శిఖరం ఒక తాటితోపు మీదికి వచ్చేలా, దీపస్తంభం మరో గుట్ట అంచుకు తగిలేలా పడవను నిలిపితే ఫలానా రాయి సరిగ్గా కిందుంటుంది. రెండు గీతలు కలిసే చోటు అది. మా జీపీఎస్‌తో సరిచూస్తే, పెద్దవాళ్లు నిలబెట్టిన చోటుకూ కెమెరాకు రాయి కనిపించిన చోటుకూ తేడా చాలా తక్కువ. తాటితోపు కొట్టేస్తే ఏం చేస్తారని అడిగితే, అలా ఒకసారి జరిగిందనీ, ఊరి గుడి శిఖరాన్ని కొత్త గురుతుగా పెట్టుకున్నామనీ చెప్పారు.

చట్టంలో ఏ తలుపు తెరుచుకుంటుంది

2020 వానాకాలంలో, సముద్రానికి వెళ్లలేని రోజుల్లో, చట్టాలు చదివాం. సముద్రంలో రక్షిత ప్రాంతం ఏర్పాటు చేయడానికి మన దేశంలో గట్టి మార్గం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమే. అందులోని 26ఎ సెక్షన్ ప్రకారం రాష్ట్రం ప్రాదేశిక జలాలను అభయారణ్యంలో కలపాలంటే కేంద్రం ముందస్తు అంగీకారం కావాలి, హద్దులను నౌకాదళ ముఖ్య హైడ్రోగ్రాఫర్‌తో (సముద్ర పటాల అధికారితో) సంప్రదించి నిర్ణయించాలి, స్థానిక మత్స్యకారుల వృత్తి ప్రయోజనాలను కాపాడేందుకు తగిన చర్యలు తీసుకోవాలి. చివరి మాట కాగితం మీద బాగుంటుంది. కానీ మా ఊళ్లో అభయారణ్యం అన్న మాట ఎత్తగానే సభ లేచిపోబోయింది. కారణం దూరంగా లేదు. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. 1997లో గహిర్‌మఠను సముద్ర అభయారణ్యంగా ప్రకటించారు, దాని విస్తీర్ణం 1,435 చదరపు కిలోమీటర్లు, అందులో అత్యధిక భాగం నీరే. అది కాక ధామ్రా, దేవి, రుషికుల్య నదీముఖాల దగ్గర ఏటా నవంబరు 1 నుంచి మే 31 దాకా, ఏడు నెలల పాటు, తీరం నుంచి 20 కిలోమీటర్ల మేర తాబేళ్ల కోసం వేట నిషేధం ఉంటుంది. రుషికుల్య గంజాం జిల్లాలో ఉంది. అక్కడి కుటుంబాలతో ఇక్కడివాళ్లకు వియ్యాలున్నాయి. ఏడు నెలల కథ పెళ్లిళ్లలో విన్నవాళ్లు అభయారణ్యానికి వేలిముద్ర వేస్తారా?

2002 సవరణతో అదే చట్టంలోకి వచ్చిన సమాజ రక్షిత ప్రాంతం అన్న ఏర్పాటు మాకు మొదట ఆశ కలిగించింది, కానీ అది ప్రైవేటు లేదా సామూహిక భూములకు సంబంధించినది; సముద్రపు అడుగు ఎవరి పట్టా భూమీ కాదు. సంరక్షణ రిజర్వు ప్రభుత్వ స్థలాల్లో పెట్టవచ్చు గానీ ప్రధానంగా జాతీయ ఉద్యానాలను, అభయారణ్యాలను ఆనుకుని ఉన్న ప్రాంతాల కోసం ఉద్దేశించినది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద పంచాయతీ స్థాయిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉంటాయి. పంచాయతీ అధికారం నీటిలోకి దిగదు, నిజమే. కానీ ఊరివాళ్లు వాడుకునే జీవజాతులను, వాటి గురించి వాళ్లకు తెలిసినదాన్ని రిజిస్టరులో రాయడానికి ఏ అడ్డూ లేదు. మేం పట్టుకున్నది ఆ సందును.

ఇంకో సంగతి చెప్పాలి. వన్యప్రాణి చట్టంలోని మొదటి షెడ్యూలు, అంటే గట్టి రక్షణ పొందే జీవుల జాబితా, సముద్రపు అడుగును పూర్తిగా మరిచిపోలేదు. 2001లో సముద్ర దోసకాయలనే మెత్తని జీవులన్నీ, గోర్గోనియన్లు, నల్ల పగడాలు అందులో చేరాయి. ఒక జాతిని పట్టడం నేరమే గానీ, ఆ జాతి బతికే రాయి మీద వల లాగడానికి మాత్రం విడిగా అడ్డేమీ లేదు. వలలో విరిగి వచ్చిన గోర్గోనియన్‌ను పిల్లలు ఆడుకోవడానికి తెచ్చిన ఇంట్లో చట్టం గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు నాకు సిగ్గనిపించింది. దాన్ని విరిచినవాడు ఆ ఇంట్లో లేడు.

సభ

రాళ్లను కాపాడుకోవడానికి ఊరే ఒక ఒప్పందం చేసుకోవడం గురించి 2020 డిసెంబరు నుంచి 2021 ఫిబ్రవరి వరకు ఊళ్లో ఐదు సభలు జరిగాయి. మొదటి రెంటికీ మేం ఆడవాళ్లను పిలవలేదు, అంటే పిలవాలని మాకు తట్టలేదు. మూడోదానికి వాళ్లే వచ్చి కూర్చున్నారు. చేప ఒడ్డుకొచ్చాక దాన్ని కొనేదీ, ఎండబెట్టేదీ, గంప నెత్తిన పెట్టుకుని విజయనగరం దాకా తీసుకెళ్లి అమ్మేదీ, వలకు అప్పు తెచ్చేదీ వాళ్లే. వాళ్లలో పెద్దావిడ ఒకరు నన్ను నిలదీశారు: "బాబూ, మీరు కాయితం మీద గీత గీసీసి ఎల్లిపోతారు. ఆ గీత తిన్నగా మా గంపలోకి వస్తాది. అప్పులోడికి ఏటి సెప్పమంటారు?" నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు ఒప్పందం కుదరలేదు, కుదరకపోవడమే మంచిదైంది.

అసలు మలుపు నేను ఊహించని చోట వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం తీరాల నుంచి ఏటా ఎందరో గుజరాత్‌లోని వెరావల్‌కు వెళ్లి అక్కడి ట్రాలర్ల మీద కూలికి పనిచేస్తారు. 2018 చివర్లో అలా వెళ్లినవాళ్లు పాకిస్తాన్ జలాల్లోకి వెళ్లారని అక్కడి అధికారులకు చిక్కి, వారిలో ఇరవై మంది 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగొచ్చిన సంగతి ఈ తీరంలో ప్రతి ఇంటికీ తెలుసు. మా ఊరి నుంచీ వెరావల్ వెళ్లొచ్చినవాళ్లు చాలామంది. నాలుగో సభలో వాళ్లలో ఇద్దరు లేచి, నెలల తరబడి తాము లాగిన వల పైకొచ్చినప్పుడు డెక్ మీద ఏం పడేదో చెప్పారు. రొయ్య ఒక మూల, మిగిలినదంతా పనికిరాని చిల్లర చేప, విరిగిన గవ్వలు, బురద, స్పాంజి ముక్కలు; పార పెట్టి ఎత్తి సముద్రంలో పోయడమో, కోళ్ల మేతకు, చేపల పొడికి అమ్మడమో చేసేవాళ్లట. "కూలికి ఆ పని చేసినాం. మా రాయి మీద అదే జరిగితే సూత్తా కూకోనేం" అన్నాడు ఒకతను. అడుగున ఏం జరుగుతుందో చూపించడానికి నేను రెండేళ్లుగా నమూనాలు ఏరుతున్నాను. అతను పావుగంటలో చూపించాడు.

కుదిరిన ఒప్పందం ఇది. రాళ్ల మీద, వాటి చుట్టూ ఊరు నిర్ణయించిన హద్దులోపల, వల వేయకూడదు. ఈ మాట చేపల గుంపును చుట్టుముట్టే ఊరి రింగువలలకు కూడా వర్తిస్తుంది. గేలం వేట సాగుతుంది. లంగరు రాయి మీద కాక అంచున ఇసుకలో వేయాలి. గుడ్లున్న లాబ్‌స్టర్ దొరికితే తిరిగి వదలాలి; లాబ్‌స్టర్ల ఎగుమతికి 2003 నుంచి కనీస బరువు నిబంధన ఉంది కాబట్టి చిన్నవాటిని వదిలేయడానికి పెద్దగా అభ్యంతరం రాలేదు, వ్యాపారి వాటికి ఎలాగూ సరైన ధర ఇవ్వడు. తప్పు చేసినవాళ్లు కట్టే సొమ్ము గంగమ్మ పండగ ఖాతాలో చేరుతుంది. ఆడవాళ్లు అడిగి పెట్టించిన షరతు ఒకటుంది: రింగువల వాళ్లకు నష్టం బాగా వస్తోందనిపిస్తే, ఏడాదికొకసారి పండగకు ముందు సభ పెట్టి ఒప్పందాన్ని మార్చే హక్కు ఊరికి ఉండాలి. శాశ్వతం అన్న మాట ఎక్కడా రాయకూడదని వాళ్లు పట్టుబట్టారు. సంరక్షణ రంగంలో ఉన్న నా స్నేహితులకు అది బలహీనతగా కనిపించింది. నా దృష్టిలో ఒప్పందం ఇంతకాలం నిలబడింది ఆ మాట లేకపోవడం వల్లే.

రిజిస్టరులో రాళ్ల గురించి నాలుగు పేజీలు చేరాయి. ఏ కాలంలో ఏ చేప వస్తుంది, ఏ ప్రవాహంలో గేలం పనికిరాదు, పాతకాలంలో కనిపించి ఇప్పుడు కనిపించనివేవి. అక్షాంశ రేఖాంశాలు రాయలేదు.

తర్వాత

2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. వరద తగ్గాక కెమెరా దించితే పడమటి గుట్టల మీద సన్నని ఒండ్రు పొర. లోతైన తూర్పు గుట్టలు బాగానే ఉన్నాయి. ఆరేడు నెలలకు ప్రవాహం ఆ పొరను చాలావరకు కడిగేసింది గానీ, స్పాంజిలు కొన్ని ఊపిరాడక పోయాయి. వల లేకుండా చేసినంత మాత్రాన అడుగు భద్రమని అనుకోవడానికి లేదు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతా మర పడవల వేట నిషేధం ఉంటుంది. ఆ 61 రోజుల ముందూ తర్వాతా ఒకే చోట్ల నమూనాలు తీయడం 2022 నుంచి అలవాటు చేసుకున్నాం. ట్రాలర్లు తిరిగే ఇసుకలో జూన్ నాటికి గుంటలు తవ్వుకునే జీవాలు కొన్ని తిరిగి కనిపిస్తాయి, వేట మొదలైన కొన్ని వారాలకు పోతాయి. ఒప్పందం హద్దులోని ఇసుకలో అవి సెప్టెంబరులో కూడా ఉంటున్నాయి. ఇంతకు మించి చెప్పడానికి నేను సిద్ధంగా లేను. కాలం మారితే జీవాలూ మారతాయి, మా చోట్లు తక్కువ, ఏళ్లు తక్కువ. గేలానికి పడే చేప పెరిగిందా అని అడిగితే కొందరు పెరిగిందంటారు, కొందరు కోనాం ఆ ఏడాది ఎలాగూ బాగా వచ్చిందంటారు. రెండో వాళ్ల మాటే నాకు నమ్మకంగా తోస్తుంది. కోనాం తిరుగుడు చేప; రాళ్ల పుణ్యం దానికి అంటగట్టడం సరికాదు. గ్రూపర్ పిల్లలు కెమెరాలో ముందుకంటే తరచుగా కనిపించడం మాత్రం నిజం.

ఈ మధ్యలో ఒక సంస్థ వచ్చి కాంక్రీటు దిమ్మెలతో కృత్రిమ దిబ్బలు వేద్దామంది. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద తీరమంతటా అలాంటివి వేస్తున్నారు, మంచి ఇసుక నేలలో అవి చేపను చేరదీస్తాయి. అయితే ఉన్న రాయిని వదిలేసి పక్కన కొత్త రాయి పెట్టడంలో నాకు అర్థం కనిపించలేదు. ఊరివాళ్లు మాత్రం వేరే కారణంతో ఒప్పుకోబోయారు: దిమ్మెలు రాళ్లకు తూర్పు అంచున వేస్తే ట్రాలర్ వల చిరుగుతుంది కదా అని. చట్టం చేయలేని కాపలా కాంక్రీటుతో చేయించాలన్న ఆలోచన. తప్పని అనలేను. హద్దులు ఎవరికి తెలియజేయాలన్న దగ్గర ఆ మాట ఆగిపోయింది.

అన్నీ వచ్చి ఆగేది అక్కడే. ఊరివాళ్లు తమ ఒప్పందానికి కట్టుబడ్డారు, పండగ ఖాతాలో జరిమానా సొమ్ము రెండుసార్లే చేరింది. కానీ రాత్రిపూట తూర్పు అంచుకు వచ్చే ట్రాలర్లు ఊరివి కావు, అవి ఉన్న చోట చట్టప్రకారం వాటికి వేట హక్కు ఉంది. లోపలికి వచ్చినప్పుడు ఫోటోలతో సహా ఒక కార్యాలయంలో మూడుసార్లు ఫిర్యాదు ఇచ్చాం; రసీదులు వచ్చాయి. కచ్చితమైన స్థానం చెప్పమని వాళ్లు అడిగారు, అడగడంలో తప్పులేదు, స్థానం లేకుండా ఏ అధికారీ కేసు కట్టలేడు. 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి జీవవైవిధ్య సదస్సులో దాదాపు దేశాలన్నీ 2030 నాటికి నేల, నీరు, సముద్రాల్లో 30 శాతం కాపాడాలని ఒప్పుకున్నప్పుడు, అభయారణ్యాలతో పాటు, ప్రజలు తమంతట తాము కాపాడుకుంటున్న చోట్లను కూడా లెక్కలోకి తీసుకునే వీలు పెట్టారు. మా రాళ్లు ఆ లెక్కలోకి రావచ్చు. దానికీ పటం కావాలి, హద్దు కావాలి.

స్థానం కాగితం మీద పడిన రోజు అది ఎన్ని బోట్లలోని మిషన్లకు చేరుతుందో ఊరివాళ్లకు తెలుసు. వెరావల్‌లో పనిచేసినవాళ్లకు ఇంకా బాగా తెలుసు. కాగితం మీద పడకపోతే తూర్పు గుట్టలకు చట్టం రాదు. 2023 పండగకు ముందు సభలో దీని మీద రాత్రి పొద్దుపోయేదాకా మాట్లాడుకున్నారు. కుర్రవాళ్లు ఇద్దామన్నారు, పెద్దవాళ్లు వద్దన్నారు, ఆడవాళ్లు రెండు వైపులా ఉన్నారు. చివరికి నేను జీపీఎస్‌లో తీసిన హద్దులను ఒక కాగితం మీద రాసి, కవరులో పెట్టి, అంటించి, పండగ ఖాతా పుస్తకంతో పాటు పెట్టెలో ఉంచారు. తూర్పు గుట్టలను కూడా కలుపుతూ ఒక ఉత్తర్వు నిజంగా వచ్చే పక్షంలో, ఆ రోజు సభ పెట్టి తెరవాలన్నది నిర్ణయం. నా మిషన్‌లో ఉన్న స్థానాలను వాళ్ల ముందే చెరిపేయమన్నారు, చెరిపేశాను. ఇప్పుడు నమూనాలకు వెళ్లాలంటే ఆ ముసలాయనో, ఆయన మనవడో పడవలో ఉండాలి. కిందటి ఏప్రిల్‌లో వెళ్లినప్పుడు మనవడు కొండనూ గుడి శిఖరాన్నీ కలిపి చూసి, ఇంకొంచెం ఉత్తరానికి జరపమని చెప్పి, లంగరు ఇసుకలో వేశాడు.